మైకు చుట్టూ తిరిగిన పాట

పొద్దున ఫోన్లో పాట రికార్డు చేసి సాయంత్రానికల్లా లోకమంతా వినిపించే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "అన్నా, గా పాత బతుకమ్మ క్యాసెట్టు నువ్వే చేసినవట గద. గొంతు దగ్గరికొచ్చి మల్ల దూరం పోతది, అట్ల ఎట్ల చేసిన్రు?" అని అడుగుతారు. చాలా ఏళ్లు ఈ ప్రశ్నకు ఇష్టంగా జవాబు చెప్పాను. మైకు ఎక్కడ పెట్టానో, ఎందుకు పెట్టానో చేతులు తిప్పుతూ వివరించాను. పోయినేడాది మా సేటు సంతాప సభలో కూడా అదే చెప్పాను. చప్పట్లు కొట్టారు.

అదే సభలో నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి, "సేటు మంచోడే గని, గా ముసలమ్మ గొంతు తీసేసి వేరే పిల్ల గొంతు పెట్టిచ్చిన సంగతి సిద్దిపేట ఇంకా మర్వలే" అన్నాడు. జనం నవ్వారు. నేను కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చున్నాను తప్ప నోరు విప్పలేదు.

ఆ రెండూ అబద్ధాలు. ఒకటి నేను చెప్పింది, ఇంకొకటి నేను చెప్పనిచ్చింది. నాకు యాభై దాటింది, ఇప్పుడైనా సరిచేయాలని కూర్చున్నాను. అంతమాత్రాన ఇదంతా ఏడుపు కథ అనుకోకండి. ఆ రోజుల్లో మేము నవ్వినంతగా నేను మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

ఆయనను అందరూ సేటు అనేవారు కానీ సేటు దగ్గర ఉండాల్సిందేదీ ఆయన దగ్గర లేదు. సిద్దిపేటలోనే ఒక మగ్గం ఇంట్లో పుట్టాడు. మగ్గం మీద మనసు నిలవక సినిమా హాలులో రీళ్లు చుట్టే పనికి వెళ్లాడు. అక్కడ పాడైన ఆంప్లిఫయర్ ఒకటి సంపాదించి, బాగుచేసుకుని, దానికి రెండు హారన్లు జతచేసి మైకుసెట్టు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఎనభైల్లో మా చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా, బోనాలైనా, ఎన్నికలైనా చెట్టు మీదో మిద్దె మీదో ఆయన హారన్లే. వాటి నిండా సినిమా పాటలే.

ఒక పెళ్లిలో కరెంటు పోయింది. పాట ఆగింది. వెనక వాకిట్లో పసుపు దంచుతున్న ఆడవాళ్ల పాట అప్పుడు వినబడింది. వాళ్లు పొద్దటి నుంచీ పాడుతూనే ఉన్నారట, హారన్ల కింద ఎవరికీ వినబడలేదంతే. కరెంటు వచ్చాక కూడా సేటు మిషను వేయలేదు. పెళ్లివారు వచ్చి తిట్టే దాకా అట్లాగే కూర్చున్నాడు. ఆ తర్వాత నాతో చాలాసార్లు అన్నాడు: "మనం హారన్లు కట్టి ఊరి నోరు మూపిచ్చినం రా."

అట్లా ఆయన రికార్డర్ కొన్నాడు, తన మైకుసెట్టు కొట్టు మీది గదిని స్టూడియో చేశాడు. గోడలకు పాత బొంతలు, కిటికీకి గోనెసంచులు, ఫ్యాను ఉన్నా రికార్డింగప్పుడు బందు. మొదట ఒగ్గుకథ, తర్వాత పెళ్లి పాటలు, నాట్లు వేసేటప్పటి పాటలు. ఊళ్ల పాటను క్యాసెట్టుగా చేసి అమ్మవచ్చని మా దిక్కు మొదట నమ్మినవాళ్లలో ఆయన ఒకడు. మా క్యాసెట్లు బస్సెక్కి బొంబాయి దగ్గరి భివండి పోయేవి. అక్కడ మరమగ్గాల మీద పనిచేసే మనవాళ్లు సెలవుకు వచ్చినప్పుడు అరిగిపోయినవి తెచ్చి చూపించి కొత్తవి కొనుక్కుపోయేవారు.

నేను లలిత సంగీతం కొంత నేర్చుకుని, హైదరాబాదులో ఒక స్టూడియోలో కొన్ని నెలలు సహాయకుడిగా చేసి వచ్చినవాణ్ని. సేటు నన్ను రికార్డిస్టుగా పెట్టుకున్నాడు. ఆయనకు నేనేదో ఉపకారం చేస్తున్నానని నా లోపల ఒక భావం ఉండేది. దాన్ని బాగా దాచుకున్నానని కూడా అనుకునేవాణ్ని.

ఆయన పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. కొత్త పాట రికార్డు చేయగానే కాపీలు తీయించేవాడు కాదు. ఒకే ఒక్క క్యాసెట్టు పట్టుకుని ఏదో ఊరి పెళ్లికి మైకుసెట్టుతో పోయేవాడు. సినిమా పాటల మధ్యలో, ఎవరికీ చెప్పకుండా, దాన్ని వేసేవాడు. వేసి, మిషను దగ్గర నన్ను వదిలి తాను పోయి వంటవాళ్ల పక్కన కూర్చునేవాడు.

"పెండ్లోళ్లు మొహమాటానికి మంచిగుందంటరు. వంటోనికి మనతోని ఏం మొహమాటం? వాని గంటె చూడాలె" అనేవాడు.

గంటె తిప్పే వేగం మారితే పాట పాసు. ఎవరైనా వచ్చి మళ్లీ వేయమంటే ఫస్టు క్లాసు. గంటె మారకపోతే ఆ పాట ఆయన పెట్టెలోనే ఉండిపోయేది. ఎన్ని పాటలను అట్లా వదిలేశాడో! నేను మంచిదన్న పాటలే వాటిలో ఎక్కువ.

తొంభైల మొదట్లో బతుకమ్మ క్యాసెట్టు చేద్దామన్నాడు. పాడడానికి పద్మశాలీల వాడలో ఒక పెద్దావిడ ఉండేది. భర్త భివండిలో పనిచేస్తూ పండుగకు పండుగకు వచ్చేవాడు. ఆమె ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టేది. ఆ వాడలో బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తేది ఆమె, మిగతా అందరూ ఆమె వెంట అందుకునేవారు. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్లం.

అవ్వ గదిలోకి వచ్చింది. చాప పరిచాను. మైకు ముందు కూర్చోమన్నాను.

"కూసొని పాడుడేంది పిలగా? గిదేమన్న ఏడుపా?" అంది.

మా దిక్కు ఆడవాళ్లు కూర్చుని రాగం తీసేది చావు ఇంట్లోనే. నాకు ఆ ఆలోచనే రాలేదు. నిలబడి పాడమన్నాను. నిలబడి రెండు చరణాలు పాడి ఆగిపోయింది. మూడోది గుర్తు రావడం లేదంది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. చెమటలు కారుతున్నాయి. వెంట వచ్చిన ఆడవాళ్లు కొంగులతో విసురుకుంటూ నన్ను కొరకొరా చూస్తున్నారు. అప్పుడు ఆమె ఎవరినీ అడగకుండా, చప్పట్లు కొడుతూ, వంగుతూ, మైకు స్టాండు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మూడో చరణం వచ్చింది. దాని వెనక నాలుగోది, ఇక వరస వరసే.

నేను హెడ్‌ఫోన్లో వింటున్నాను. గొంతు ఒకసారి చెవిలో చెప్పినట్టు, ఒకసారి వీధి చివర ఉన్నట్టు. నేను నేర్చుకున్న చదువు ప్రకారం అది పాడైపోయిన రికార్డింగు. చెయ్యెత్తి ఆపాను.

"అవ్వా, తిరగొద్దు. గొంతు ఒక్క తీరుగ వస్తలేదు."

"కాళ్లు ఆగితే పాట ఆగుతది పిలగా. నేనేం చెయ్యాలె?"

సేటు నా తల మీది హెడ్‌ఫోను లాక్కుని తన చెవులకు పెట్టుకున్నాడు. "మల్ల తిరుగు అవ్వా" అన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. నేను ఏదో అనబోతే చేత్తో ఆపాడు.

"ఉండనియ్యిరా. మనిషి మన ముంగటికెల్లి నడిచిపోతున్నట్టుంది."

ఇదీ అసలు సంగతి. చుట్టూ తిరిగింది అవ్వ. అది బాగుందని గుర్తుపట్టింది సేటు. నేను చేసిందల్లా వద్దనడం. ఆ తర్వాత ఆమె కాళ్లకు వైరు చుట్టుకోకుండా ఎత్తి పట్టుకున్నాను, అంతమటుకు నా ఘనత.

ఆ క్యాసెట్టు నారాయణరావుపేటలో ఒక పెళ్లికి తీసుకుపోయాము. పాట మొదలైంది. సేటు వంటవాళ్ల దగ్గర కూర్చున్నాడు. పప్పు కలుపుతున్న మనిషి గంటె ఆపాడట, తల ఎత్తాడట, మళ్లీ కలపడం మొదలుపెట్టినప్పుడు డేక్సా చుట్టూ నడుస్తూ కలుపుతున్నాడట. సేటు ఆ మాట చెప్పి చెప్పి నవ్వేవాడు. నా దగ్గరికి ఒక ముసలామె వచ్చింది. "గా పాడేటామె ఏడికి పోతుందయ్యా? దగ్గరికొస్తుంది, మల్ల పోతుంది. ఒకపారి మల్ల ఎయ్యి, పోకముందే పట్టుకుంట" అంది.

సేటు అవ్వకు మాట ఇచ్చాడు. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి నీ క్యాసెట్టు తెస్తాను, ఆ రోజు చెరువు దగ్గర హారన్లో నీ గొంతు నువ్వే వింటావు అన్నాడు. అట్ట మీద ఆమె ఫోటో కూడా వేయించాడు. ఫోటోకు ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. వాడంతా చెప్పుకుంది. భివండికి కబురు పంపింది, ఈసారి పండుగకు తప్పక రమ్మని.

నాకు మాత్రం ఆ రికార్డింగు వినాలంటేనే సిగ్గుగా ఉండేది. మాకు తెలిసిన సంగీతం పంతులుగారి అమ్మాయి గొంతు చాలా బాగుంటుంది. ఒక ఆదివారం వాళ్లింట్లో, కీబోర్డు పెట్టి, అవే పాటలు ఆమెతో పాడించి రికార్డు చేసుకున్నాను. ఊరికే చూద్దామని, అంతే. సేటుకు చెప్పలేదు.

కాపీలు తీయించడానికి హైదరాబాదు పోయాను. నా సంచిలో రెండు మాస్టర్ టేపులూ ఉన్నాయి. రెండోది ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు నాకే తెలియదనుకున్నాను. కాపీలు తీసే చోట నేను ముందు పనిచేసిన స్టూడియో ఆయన కనబడ్డాడు. అవ్వ టేపు వేసి విన్నాడు. పకపకా నవ్వాడు.

"ఏందిరా గిది? మీ సిద్దిపేటల మైకులకు కాళ్లొచ్చినయా?"

చుట్టూ ఉన్న ముగ్గురు నలుగురు కూడా నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. "అది రిహార్సలు అన్నా. అసలుది గిది" అని సంచిలోంచి రెండో టేపు తీసి ఇచ్చాను. ఆయన విని, "ఆఁ, గిట్లుండాలె" అన్నాడు. నాకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది.

తిరుగు బస్సులో వర్గల్ దాటేసరికి నేను చాలా మంచి పని చేశానని నన్ను నేను ఒప్పించుకున్నాను. క్యాసెట్టు బాగా పోతుంది, సేటు మొదట కోప్పడతాడు, తర్వాత భుజం తడతాడు, అవ్వకు ఏదో సర్ది చెబుతాడు. సిద్దిపేట బస్టాండులో దిగేసరికి భుజం తట్టడం దాకా వచ్చాను.

సద్దులకు ఇంకా నాలుగైదు రోజులున్నాయనగా మధ్యాహ్నం బస్సులో క్యాసెట్ల డబ్బా దిగింది. ఎట్లా తెలిసిందో, అవ్వ తన వాడ ఆడవాళ్లను అయిదారుగురిని వెంటేసుకుని అప్పటికే కొట్టులో కూర్చుని ఉంది. సేటు చాయ్ తెప్పించాడు. డబ్బా కోసి పైనున్న క్యాసెట్టు తీశాడు. అట్ట మీద అవ్వ ఫోటో. ఆడవాళ్లు చేతులు మార్చుకుంటూ చూశారు.

"ముక్కుపుల్ల మంచిగ పడ్డది" అంది ఒకామె.

"ముక్కుపుల్లే పడ్డది, మొఖం పడలే" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది.

సేటు క్యాసెట్టు వేశాడు. కీబోర్డు మోగింది. తర్వాత పంతులుగారి అమ్మాయి గొంతు వచ్చింది.

సేటు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ మాత్రం చాయ్ గ్లాసు పట్టుకుని శ్రద్ధగా వింటోంది. పాట అయిపోయింది. రెండోదీ అయిపోయింది.

"ఎవలి పిల్లనో గని మంచిగ పాడుతుంది" అంది అవ్వ. "నాది వెనుక దిక్కుకు పెట్టిన్రా కొడుకా? తిప్పు, ఇందాం."

క్యాసెట్టు తిప్పితే తాను వస్తానని అనుకుంది. నా బతుకులో నేను విన్న మాటల్లో నన్ను ఇంతగా కుంగదీసింది ఇంకొకటి లేదు. సేటు క్యాసెట్టు తిప్పలేదు. మిషను బందు చేసి ఆమె ముందు వచ్చి నిలబడ్డాడు.

"అవ్వా, అటు దిక్కు గూడ నీ గొంతు లేదు. తప్పు నాది. ఎక్కువ పోతదని నేనే గట్ల చేయించిన."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "మా వాడకట్టంత చెప్పుకున్న గద కొడుకా" అంది. లేచి వెళ్లిపోయింది. వెంట వచ్చినవాళ్లు మాత్రం అనాల్సినవన్నీ అన్నారు. పొద్దుగూకేలోగా ఊరంతా తెలిసింది, సేటు ముసలమ్మను మోసం చేశాడని.

అందరూ పోయాక నేను ఏడ్చాను. సేటు డబ్బాను మళ్లీ కట్టేస్తున్నాడు.

"ఎందుకు చెప్పలేదు సేటు, నేను చేసిన్నని?"

"నీ పేరు చెప్తే రేపటి నుంచి ఈ ఊర్ల ఏ మనిషన్న నీ మైకు ముంగట నోరు తెరుస్తదారా? నన్నైతే నాలుగు దినాలు తిట్టి ఊకుంటరు. పెండ్లిళ్లకు హారన్లు కావాలె గద!" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, "ఆమె టేపు ఉన్నదా, పారేసినవా?" అని అడిగాడు.

"ఉన్నది."

"మరింక ఏడుపెందుకు? హారన్లు తుడువు."

ఇక ఆ తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే చివర్లో చెప్పదలచుకున్నది వేరే ఉంది. పంతులుగారి అమ్మాయి క్యాసెట్టును సేటు మరుసటి ఏడు ఆమె ఫోటోతోనే, ఆమె పాటగానే బయటికి తెచ్చాడు. అదీ బాగానే పోయింది. అవ్వ మాతో ఇంకా ఎన్నో పాటలు పాడింది. పాడడానికి వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోనే నిలబడి, "ఈసారన్న నా గొంతే పెడతవా కొడుకా?" అని సేటును ఆటపట్టించేది. సేటు చెవులు పట్టుకుని గుంజీలు తీయబోయేవాడు, ఆమె నవ్వి లోపలికి వచ్చేది. నేను వైర్లు సర్దుతున్నట్టు వంగేవాణ్ని. సీడీలు వచ్చాక కొట్టు చిన్నదైంది. సేటు చివరిదాకా రేడియోలు బాగుచేసుకుంటూ, వచ్చినవాళ్లకు పాత పాటలు వినిపిస్తూ హాయిగానే ఉన్నాడు. అవ్వ ఆయనకంటే ముందే పోయింది, అసలు సంగతి తెలియకుండానే. ఒక్కసారి గుమ్మంలో ఆమెను ఆపి చెప్పడానికి నాకు ఎన్ని అవకాశాలు వచ్చాయో!

ఇక ఆ ఏటి సద్దుల నాడు పొద్దు వాలుతుండగానే చెరువు దగ్గర హారన్లు కట్టాము. వాడల నుంచి ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని వస్తున్నారు. అవ్వ కూడా వచ్చింది. మా వైపు చూడలేదు. వెనకాల కొత్త చొక్కా వేసుకున్న ఆమె పెనిమిటి ఉన్నాడు, భివండి నుంచి పొద్దున్నే దిగాడట. సేటును చూసి మొహం తిప్పుకున్నాడు. బతుకమ్మలను నడుమ పెట్టారు. చుట్టూ నిలబడ్డారు.

సేటు టేపు వేశాడు.

హారన్లలోంచి అవ్వ గొంతు చెరువు మీదికి పోయింది. దగ్గరికి వచ్చింది, దూరం పోయింది, మళ్లీ వచ్చింది. ఆడవాళ్లు "మన అవ్వనే, మన అవ్వనే" అని ఒకరినొకరు పొడుచుకున్నారు. ఆమె పెనిమిటి హారన్ల వైపు నోరు తెరిచి చూశాడు. అవ్వ కదలకుండా నిలబడి ఒక పాట సాంతం విన్నది. రెండో పాటకు వలయం కదిలింది. ఆడవాళ్లు హారన్ గొంతుతో పాటు అందుకున్నారు. అవ్వ ఏదో ఎత్తబోయింది, హారన్ ముందే ఎత్తింది. ఇంకోసారి ప్రయత్నించింది, మళ్లీ హారనే గెలిచింది. ఆమె చప్పట్లు ఆపి గట్టిగా కేక వేసింది.

"ఓ సేటూ! మంచిగున్నది, విన్న. ఇగ బంద్ చెయ్. నేను గీడ పాణంతోని ఉండంగ గా డబ్బా ఎందుకు ఎత్తుతది పాట?"

చెరువు కట్టంతా ఘొల్లుమంది. సేటు నవ్వుతూ, అంత కష్టపడి తెచ్చిన పాటను తన చేత్తోనే బందు చేశాడు. అప్పుడు అవ్వ నన్ను చూసింది.

"ఓ పిలగా, నీ మిషిను తెచ్చినవా? అయితే అది పట్టుకొని రా, నడుమ కూసో. మేమంత చుట్టు తిరుగుతం. గిప్పుడు రికార్డు చేసుకో, నేనొక్కదాన్నే కాదు, మా వాడకట్టంత రావాలె."

సేటు వైపు చూశాను. పో అన్నట్టు గడ్డం ఎత్తాడు. రికార్డరు మెడకు వేసుకుని వెళ్లి ఆడవాళ్ల మధ్య, బతుకమ్మల పక్కన గొంతుక్కూర్చున్నాను. ఇంక వాళ్ల నోళ్లకు అడ్డే లేదు.

"గీ ఏడు కొత్త బతుకమ్మ వచ్చింది, చూడున్రే!"

"నెత్తిన రెండు తంగేడు పూలు పెట్టున్రి, నిండుగుంటడు."

"ఆడుడైనంక గీయనను గూడ చెరువుల ఇడుద్దామా?"

అవ్వ పాట ఎత్తింది. వలయం కదిలింది. జనం దాన్నే క్యాసెట్టుగా విన్నారు, అందులో పిల్లల అరుపులు, పటాకులు, గాజుల చప్పుడు అన్నీ ఉన్నాయి. దాన్ని ఎట్లా చేశానని మీరు నన్ను అడుగుతారు. నేను మట్టిలో కూర్చున్నాను. అంతే చేశాను. ఆ కొంచెం కూడా మొదట సరిగా చేయలేదు. అవ్వ నా ముందు నుంచి పక్కకు జరగగానే ఆమె గొంతు పోతుందేమోనని భయపడి మైకు ఆమె వెంట తిప్పడం మొదలుపెట్టాను. ఆమె ఒక చుట్టు తిరిగి నా ముందుకు వచ్చి, పాట ఆపకుండానే, మిగతా ఆడవాళ్లు అందుకుంటున్న ఆ కాస్త సందులో వంగి నా నెత్తి మీద చిన్నగా మొట్టింది.

"మైకు తిప్పకు పిలగా. నేనే వస్త."